ఆడకూనల్ని చెరువు కట్ట మీద పడేసే అన్నలకు

ఈసారి పోస్టు చీనీకాయల ధరల మీద కాదు, కుక్కల మీద. కుక్కల గురించి ఇంత పొడుగు రాయాల్నా అని నవ్వే వాళ్లు నవ్వండి. కానీ చివరిదాకా చదవండి.

మొన్న ఆదివారం తెల్లారుజామున తోటకు నీళ్లు కట్టను పోతా ఉంటే, చెరువు కట్ట మలుపు కాడ కంపచెట్ల పక్కన యూరియా సంచి కనపడింది. మూతి తాడుతో కట్టి ఉంది. ఎవరో చెత్త పడేసినారు అనుకున్నాను. సంచి కదిలింది. బండి ఆపి తాడు విప్పి చూస్తే లోపల ఆరు కుక్కపిల్లలు. రెండు అప్పటికే చచ్చిపోయి ఉన్నాయి. నాలుగు బతికున్నాయి. కండ్లు తెరిచి నాలుగు రోజులు కూడా అయి ఉండదు. నల్లటి ఒళ్లు, కండ్ల పైన గోధుమరంగు చుక్కలు, లావు కాళ్లు. రాట్‌వీలర్ కూనలని చూస్తానే తెలుస్తుంది. ఆరూ ఆడవే.

మగవి ఎక్కడ పోయినాయో చెప్పాల్సిన పని లేదు. అవి ఇంట్లోనే ఉంటాయి, అడ్వాన్సు కూడా తీసుకొని ఉంటారు. మన చుట్టుపక్కల ఆ జాతి కుక్కను ఈనించే ఇండ్లు ఎన్నో నాకు తెలుసు, మీకూ తెలుసు. పేరు రాయను. పేరు రాస్తే అందరం ఆయన్నొక్కణ్ణి తిట్టి చేతులు దులుపుకుంటాము. ఈ పోస్టు ఆయనొక్కడి మీద కాదు. పెద్ద కుక్కను కొని, ఈనించి, అమ్ముకొని నాలుగు డబ్బులు చూద్దామనుకునే మనందరి మీద. అందులో నేనూ ఉన్నాను. నేనూ ఈనించినాను, నేనూ అమ్మినాను. కాబట్టి బయట నిలబడి నీతులు చెప్తున్నాను అనుకోవద్దు.

ముందు ఒక మాట ఒప్పుకుందాం. మనం పెద్ద కుక్కను కొనేది సరదాకు మాత్రమే కాదు. బోరు కాడ కేబుల్ కోసుకొని పోయేవాళ్లు, స్టార్టరు డబ్బా పగలగొట్టేవాళ్లు, బుడ్డల చేనులో రాత్రికి రాత్రి దున్నిపోయే అడవి పందులు. ఇవన్నీ మన బాధలే. నాకు 2014లో ఒకే ఏడాది రెండుసార్లు కేబుల్ పోయింది. ఆ కోపంలోనే జర్మన్ షెపర్డ్ ఆడపిల్లను తెచ్చినాను. మన ఊర్లో అల్సేషన్ అంటారే, అదే. జూలీ అని పేరు పెట్టినాము. జూలీ వచ్చినాక మళ్లీ మా తోటలో కేబుల్ పోలేదు. ఆ మేలు నేను మరవను.

కానీ వీడియోలలో ఒకాయన వచ్చి "కుక్కలు పెంచండి, ఒక ఈతకు లక్ష" అని చెప్తాడే, ఆయన చెప్పని సంగతులు ఉన్నాయి. అవి నేను చెప్తాను.

పెద్ద కుక్కతో రోజు ఎట్లా గడుస్తుందో వినండి. తెల్లారి ఐదు గంటలకు లేచి అరగంట, ముప్పావుగంట నడిపించాల. లేకపోతే ఆ బలం అంతా ఇంట్లో తలుపుల మీద, చెప్పుల మీద చూపిస్తుంది. మేము రాగి సంగటి, చికెన్ అంగట్లో దొరికే మెడలు, తలకాయలు ఉడికించి ఎముకలు తీసేసి, ఒక గుడ్డు కలిపి పెట్టేవాళ్లం. ఉడికిన కోడి ఎముక చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది, అందుకే ఎముకలు తీసేది. తిండి రెండు పూటలుగా పెట్టాల. ఒకేసారి కడుపునిండా పెట్టి పరిగెత్తిస్తే, ఎద లోతుగా ఉండే పెద్ద జాతుల్లో పొట్ట ఉబ్బి మెలిపడుతుంది. గంటల్లో ప్రాణం పోతుంది.

ఎండాకాలం ఇంకో కథ. మన అనంతపురం ఎండలు మీకు చెప్పాల్నా? కుక్కకు మన మాదిరి ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి వగర్చడమే దానికి ఉన్న దారి. ఏప్రిల్, మే నెలల్లో జూలీకి చింతచెట్టు కింద తడి గోనెసంచులు పరిచేవాణ్ణి, నీళ్లు రోజుకు నాలుగుసార్లు మార్చేవాణ్ణి. చలిదేశపు కుక్కలు, ఒంటినిండా బొచ్చు ఉండే హస్కీలు, సెయింట్ బెర్నార్డులు తెచ్చి రేకుల షెడ్డులో కట్టేసే వాళ్లను చూస్తా ఉంటే కడుపు మండుతుంది. మే నెల మధ్యాహ్నం ఆ రేకుల కింద మీరు కంబళి కప్పుకొని ఒక గంట కూర్చోండి.

ఇంక గోమార్లు. వారానికి ఒకసారి చెవుల లోపల, కాలి వేళ్ల సందుల్లో వెతికి తీసేయాల. 2016లో నేను పనుల్లో పడి రెండు మూడు వారాలు పట్టించుకోలేదు. జూలీ తిండి మానేసింది, చిగుళ్లు తెల్లగా పాలిపోయినాయి, ముక్కులోంచి రక్తం కారింది. గోమార్ల జ్వరం అన్నాడు డాక్టరు. నెల రోజులు మాత్రలు వేస్తే బతికింది. ఇదంతా ఒక్క కుక్కకు అయ్యే పని. ఇప్పుడు ఈనించడం గురించి చెప్తాను.

2017లో జూలీకి మొదటి ఈత. పట్నంలో ఒకాయన మగకుక్క కాడికి ఆటో మాట్లాడుకొని రెండుసార్లు తీసుకుపోయినాను. చూడి నిలిచింది. కుక్కకు చూడికాలం సుమారు 63 రోజులు. ఈనే ముందు రోజు ఒళ్లు చల్లబడుతుంది, థర్మామీటరు పెడితే 99 కంటే కిందికి దిగుతుంది. ఆ రాత్రి నేను, మా ఇంటామె కొట్టంలోనే కూర్చున్నాము. పదకొండు గంటలకు మొదటిది, తెల్లారి ఐదుకు ఏడోది. ఒకటి ఊపిరి తీయలేదు. మా ఇంటామె దాన్ని పాత చీరగుడ్డలో పెట్టి రుద్దీ రుద్దీ బతికించింది. నిజం చెప్తున్నాను, ఆ రాత్రి మాకు ఇంట్లో బిడ్డ పుట్టినంత సంబరంగా ఉండింది.

మూడు వారాలు తల్లే అన్నీ చూసుకుంటుంది. ఆ తర్వాత ఏడు కూనల తిండి, ఏడు కూనల దొడ్డి, అన్నీ మన మీద పడతాయి. రోజుకు నాలుగుసార్లు తిండి. రెండు వారాలకొకసారి నట్టల మందు. ఎన్నిసార్లు కడిగినా కొట్టం వాసన పోదు. పక్కింటోళ్లు మాట్లాడడం మానేస్తారు.

ఇంక లెక్క రాస్తాను, చూడండి. నాలుగు మగ కూనలు తలా 8,000కు పోయినాయి. ఒక కూన మగకుక్క యజమానికి పద్ధతి ప్రకారం ఇచ్చినాను. రెండు ఆడవాటిలో ఒకటి 3,000కు, ఒకటి ఉత్తపుణ్యానికి. మొత్తం వచ్చింది 35,000. తల్లికి చూడిలో, పాలిచ్చేటప్పుడు అదనపు తిండి 9,000. కూనల తిండి 6,000. టీకాలు, నట్టల మందు 5,000. డాక్టరు, స్కానింగు, మందులు 3,500. ఆటోలు 2,500. మొత్తం 26,000. మిగిలింది 9,000. చూడి కాలం, కూనలు పోయేవరకు కలిపి సుమారు 120 రోజులు. రోజుకు 75 రూపాయలు. ఆ ఏడాది ఉపాధి పనికి పోయినా దీనికంటే ఎక్కువ వస్తుంది. పైగా ఇందులో మా ఇంటామె కూలి వేయలేదు. వేసి ఉంటే నష్టమే.

లక్ష ఎక్కడ ఉంది అన్నలారా? పేపర్లు ఉండి, పట్నంలో పేరున్న వాళ్లకు వస్తుందేమో. మన పల్లెలో పేపర్లు లేని కూనకు ఎవడిస్తాడు?

ఆశ చావక 2019లో రెండో ఈత పెట్టించినాను. తొమ్మిది కూనలు. ఆరో వారంలో ఒకాయన కూనల్ని చూసి పోదామని వచ్చినాడు. వాళ్లింట్లో అంతకుముందే ఒక కుక్క రక్తం విరేచనాలతో చచ్చిపోయిందని మాకు తెలియదు. చెప్పులతో కొట్టంలోకి వచ్చినాడు, కూనల్ని ఎత్తుకున్నాడు. ఐదారు రోజులకు ఒక కూన వాంతి చేసుకుంది. తెల్లారికి నెత్తుటి విరేచనాలు. పార్వో. అది మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుందంట, చెప్పులకు అంటుకొని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతుందంట. ఆరో వారానికే వేయాల్సిన మొదటి టీకా, ఖర్చు ఎందుకులే, అమ్మే ముందు వేద్దాం అని నేను జరిపినాను. వారంలో ఆరు పోయినాయి. మూడు మిగిలినాయి. రోజూ పొద్దున ఒకటో రెండో గుంత తవ్వడం, జూలీ వచ్చి ఆ గుంత వాసన చూడడం. ఆ తప్పు ఎవరి మీదా వేయను. డబ్బు మిగిల్చుకోవాలని చూసింది నేను.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది. ఇన్నేళ్లూ రాయలేదు, ఇప్పుడు రాస్తాను.

మొదటి ఈతలో మగపిల్లను మన ఊరాయనకే అమ్మినాను. 35 రోజులకే. కూన తల్లి కాడ, తోటి కూనల కాడ ఉండి ఆడుకుంటానే ఎంత గట్టిగా కొరకాలో, ఎక్కడ ఆపాలో నేర్చుకుంటుంది. నేను ఆ వయసులోనే విడదీసినాను. కొన్నాయన దాన్ని గొర్రెల దొడ్డి కాడ రెండు గజాల గొలుసుకు కట్టినాడు. రెండేళ్లు ఆ గొలుసు విప్పలేదు. "కట్టేస్తేనే కోపం పెరుగుతుంది, కాపలా బాగా కాస్తుంది" అంటుండేవాడు. నేను రోజూ ఆ దారిన పోతా ఉంటే తోక ఊపేది. నేను చూసి పోయేవాణ్ణి. ఒక్కరోజు కూడా ఆయన్ను అడగలేదు.

2019 వేసవిలో ఎనిమిదేళ్ల పిల్లోడు బంతి కోసం ఆ దొడ్లోకి పోయినాడు. కుక్క చెయ్యి పట్టింది. వాళ్ల ఇంట్లో వాళ్లు గాయం మీద పసుపు, సున్నం పెట్టి గుడ్డ కట్టి కూర్చున్నారు. నేను పోయి ఆ గుడ్డ విప్పి, సబ్బుతో ధార నీళ్ల కింద పావుగంట కడిగించి, బండి మీద సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయినాను. లోతు గాయం కాబట్టి గాయం చుట్టూ వేసే ఇంజెక్షన్ కూడా వేసినారు. మళ్లీ 3, 7, 28 రోజులకు టీకా. అన్నిటికీ నేనే తీసుకుపోయినాను. ఎందుకంటే ఆ కుక్కకు నా ఇల్లు దాటినాక రేబిస్ టీకా ఒక్కటి కూడా వేయలేదు. రేబిస్ లక్షణాలు పైకి కనపడినాక మనిషి బతకడం లేదన్న సంగతి మీకు తెలుసు కదా. ఆ 28 రోజులు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. దేవుడి దయ, పిల్లోడు బాగున్నాడు. ఇప్పుడు మీసాలు వస్తున్నాయి వానికి. చేతి మీద మచ్చ మాత్రం ఉంది. ఎదురుపడితే మామా అని పలకరిస్తాడు. నా కండ్లు ముందు ఆ మచ్చ మీదికే పోతాయి.

కుక్కను పది రోజులు చూడమన్నారు. పది రోజులు బాగానే ఉంది. పదకొండో రోజు యజమాని దాన్ని ఆటోలో ఎక్కించి హైవే మీద వదిలేసి వచ్చినాడు. తెలిసి నేను పోయి రెండు రోజులు వెతికినాను. దొరకలేదు. పుట్టిన రాత్రి ఊపిరి తీయకుండా మా ఇంటామె చేతిలో బతికిన కూన అదే.

ఆ నెలలోనే జూలీకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినాను.

ఇప్పుడు మీరు చెప్పే సమాధానాలకు వస్తాను. అన్నీ నేనూ చెప్పినవే.

"ఒక్క ఈతైనా ఈనకపోతే ఆడకుక్కకు జబ్బు చేస్తుందంట." తప్పు. ఈనాలనే అవసరం దానికి లేదు. పైగా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు వయసు ముదిరినాక గర్భసంచిలో చీము పట్టి చచ్చిపోయేవి ఉన్నాయి.

"ఆడకూనల్ని ఎవరూ కొనరు, మేమేం చేయాల?" ఎవరూ కొనరని తెలిసే కదా ఈనించింది? సగం మగవి, సగం ఆడవి పుడతాయని ఈనించక ముందు తెలియదా? కుక్క కాపలాలో ఆడది మగదానికి ఏం తక్కువ? మా కేబుల్ కాపాడింది ఆడకుక్కే. ఆవు కాడ పెయ్యదూడ పుడితే పండగ, కోడెదూడ పుడితే బరువు. కుక్క కాడ మగది పుడితే డబ్బు, ఆడది పుడితే యూరియా సంచి. పుట్టేది మన చేతిలో లేనప్పుడు పుట్టించేదైనా ఆపాల.

"జాతి కుక్కే కదా, ఎక్కడో ఒకచోట బతుకుతుందిలే." బతికితే ఏమవుతుందో చూడండి. నాలుగు ఆడకూనలు బతికితే ఏడాదికే ఎదకు వస్తాయి. వీధికుక్కలతో కలుస్తాయి. తలా ఆరు కంటే 24. అందులో సగం చచ్చినా డజను మిగులుతాయి, పెద్ద ఒళ్లు, పెద్ద కోరలతో. పోయిన ఎండాకాలం మన పక్క ఊర్లో కుక్కల మంద గొర్రెల దొడ్డి మీద పడి ఒక్క రాత్రి పదకొండు గొర్రెపిల్లల్ని చంపింది. ఆ మందలో రెండు కుక్కల చెవులు, మూతి చూసినోళ్లకు వాటి తాతలు ఏ ఇంట్లో పుట్టినాయో తెలుసు. నష్టపోయింది ఎవరు? మన లాంటి వాడే. పంచాయతీ ఏం చేస్తోందని అరుస్తాము. పంచాయతీని అడగండి, తప్పులేదు. కానీ సంచి కట్టింది పంచాయతీ కాదు.

"మా ఇష్టం, మా కుక్క." అట్లా కుదరదు. అమ్మడానికి కుక్కల్ని ఈనించే వాళ్ల మీద 2017లో కేంద్రం నియమాలు తెచ్చింది. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు కాడ రిజిస్టర్ కావాల. 18 నెలలు నిండని ఆడకుక్కను జత కట్టించకూడదు. ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మకూడదు. నేను రిజిస్టరూ కాలేదు, ఎనిమిది వారాలూ ఆగలేదు. ఆ నియమాలు ఉన్నాయని కూడా అప్పుడు నాకు తెలియదు. తెలియదు అంటే తప్పు పోదు. ఇంక జంతువును వదిలేయడం, కుక్కను ఎప్పుడూ విప్పకుండా గొలుసుకు కట్టేసి తిప్పకపోవడం, రెండూ 1960 చట్టం కింద నేరాలే. మొదటి తప్పుకు జరిమానా ఎంతో తెలుసా? 10 నుంచి 50 రూపాయలు. ఒక టీ, రెండు బజ్జీల ఖర్చు. అందుకే చట్టానికి భయపడమని నేను మీకు చెప్పను. సిగ్గుపడమని చెప్తున్నాను.

ఆ తల్లి కుక్క సంగతి ఎవరైనా ఆలోచించినారా? ఆరు కూనల పాలు పొదుగులో నిలిచిపోతాయి. గట్టిపడి, ఎర్రబడి, జ్వరం వస్తుంది. ఆవుకు పొదుగువాపు వస్తే మనం రాత్రి పన్నెండుకు కూడా డాక్టరుకు ఫోను చేస్తాము. ఆ కుక్క కోసం ఎవరు చేస్తారు?

కుక్కలే వద్దు అని నేను అనడం లేదు. తోటకు ఒక కుక్క కావాల. ఒక్కటి పెట్టుకోండి. ఆడదైనా మగదైనా ఆపరేషన్ చేయించండి. మన నాటుకుక్క మన ఎండకు, మన తిండికి అలవాటు పడింది. గుట్టలో ఆకు కదిలినా పసిగడుతుంది. పగలు కట్టినా రాత్రి విప్పండి, లేకపోతే నాలుగు గజాల కంచె వేసి లోపల వదలండి. మూడు నెలలకు మొదటి రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు ఏటేటా. ప్రతి ఏడాది జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజు పాశ్చర్ అనే ఫ్రాన్స్ దేశపు శాస్త్రవేత్త కుక్క కరిచిన పిల్లోడికి మొట్టమొదట ఈ టీకా వేసి బతికించినాడు. ఆ రోజు కుక్కను బండి మీద ఎక్కించుకొని పోవడానికి మనకు అయ్యేది పెట్రోలు ఖర్చు మాత్రమే.

జూలీ పోయిన కార్తీకంలో చనిపోయింది. చింతచెట్టు కిందే పూడ్చినాము. మళ్లీ పెద్ద కుక్కను తేకూడదు అనుకున్నాను. ఇప్పుడు ఇంట్లో నాలుగు ఉన్నాయి.

మూడు గంటలకొకసారి పాలపొడి కలిపి పట్టిస్తున్నాము. పట్టించినాక తడిగుడ్డతో తుడిస్తే తప్ప ఇంత చిన్న కూనలు ఉచ్చ కూడా పోలేవు. అది తల్లి నాకి చేయించే పని. మా ఇంటామె చేస్తోంది. రాత్రి రెండు గంటలకు లేచి చేసేటప్పుడు ఆమె నన్ను ఒక మాట అడిగింది. "ఆ సంచి కట్టేటప్పుడు వాళ్లింట్లో ఆడోళ్లు ఏం చేస్తాండిరి?" అని. నా కాడ సమాధానం లేదు. మీ కాడ ఉంటే రాయండి.

రెండు నెలలు నిండి, మొదటి టీకా పడినాక ఈ నాలుగింటిని ఇస్తాను. డబ్బు వద్దు. షరతులు మూడు ఉన్నాయి. ఒకటి, టీకాల చీటీ ఏటా నాకు చూపించాల. రెండు, వయసు వచ్చినాక ఆపరేషన్ చేయించాల, ఆ ఖర్చులో సగం నేను పెట్టుకుంటాను. మూడు, నేను ఎప్పుడు ఆ దారిన వచ్చినా గొలుసుకు కట్టి కనపడితే ఆ రోజే వెనక్కు తీసుకుపోతాను, గొడవ పడకూడదు. ఈసారి చూసి పోను, అడుగుతాను.

ఒప్పుకునే వాళ్లు ఇంటికి రండి. చెప్పులు మాత్రం గేటు బయటే విడవండి.